దొంగ అయ్యగారు కట్టించిన తాళి

నాకు మోసగాళ్ళ కథలంటే పిచ్చి. ఆత్మకూరులో టీచరుగా పనిచేస్తున్నాను. శనివారం బడి వదలగానే ఉదయగిరి బస్సెక్కి, కిటికీ పక్కన చేరి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నానంటే ఇక కండక్టరు భుజం తట్టాల్సిందే. డాక్టరీ చదవకుండా ఆపరేషన్లు చేసినవాడు, కారు అద్దెకు తీసుకుని ఆఫీసరునంటూ జిల్లా అంతా తనిఖీలు చేసినవాడు, తప్పిపోయిన కొడుకుని నేనే అంటూ ఒక తల్లి ఇంట్లో ఏళ్ళ తరబడి అన్నం తిన్నవాడు. అన్నీ నిజంగా జరిగినవే. "మంచివాళ్ళ కథలే దొరకవా నీకు" అంటారు మా ఆయన. మంచివాడు ఏం చేస్తాడో మొదటి మాటకే తెలిసిపోతుంది, ఇంక వినడం దేనికి? మోసగాడితో ఆ విసుగు ఉండదు. పైగా మోసపోయింది మనం కాదన్న హాయి ఒకటి, నేనే అక్కడుంటే ఇట్టే కనిపెట్టేదాన్నన్న గొప్ప ఒకటి. రెండూ ఊరికే వస్తాయి.

ఈ పిచ్చి నాకు ఫోను అంటించింది కాదు. మా రాహేలత్త అంటించింది.

రాహేలమ్మ మా నాయన చెల్లెలు. ఉదయగిరిలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరైంది. ఆమె భర్త ప్రేమానందం మామ రోడ్డు పనుల గ్యాంగులో చేసేవాడు. మామ మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. అత్త మాట్లాడకుండా ఉండగా చూసినవాళ్ళు అసలు లేరు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా నాయన నన్ను తీసుకొచ్చి వాళ్ళింట్లో వదిలేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వసారాలో చేరి చింతపండు కొట్టేవాళ్ళు. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క. చేతులు జిగటగా ఉండేవి, ముక్కు దురద పెడితే మోచేత్తో రుద్దుకోవాల్సి వచ్చేది. ఎవరో ఒకరు అనేవాళ్ళు, దొంగ అయ్యగారి కథ చెప్పు రాహేలూ అని. మా వైపు పాస్టరును అయ్యగారనీ, చర్చిని గుడి అనీ అంటారు. ఆ మాట వినపడగానే మామ తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. వందసార్లు విన్న కథ, విసుగేమో అనుకునేదాన్ని.

కథ జరిగింది సీతారామపురం దారిలో ఉన్న మా పాలెంలో. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వానలప్పుడు. పాలెంలో చిన్న గుడి ఉంది, జనం ఉన్నారు, అయ్యగారు మాత్రం లేరు. ఉన్నాయన బదిలీ అయి పోయాడు. ఆ మెట్ట ఊరికి, రోజుకో బస్సు వచ్చే చోటికి, ఇంకొకాయన వచ్చి ముఖం చూపలేదు. పుట్టిన పిల్లలకు ప్రార్థన లేదు, చచ్చినవాళ్ళను పాటలు వచ్చినవాళ్ళే పాడి పూడ్చుకుంటున్నారు. పెండ్లి కుదిరినవాళ్ళు ఎదురుచూస్తూ కూర్చున్నారు. అత్తకూ మామకూ అప్పటికే మాట అనుకున్నారు.

ఆత్మకూరులో ఒక గుడి ప్రహరీకి ఆనుకుని పెంచలప్రసాద్ అనే టైలరు కొట్టు ఉండేది. కొత్తగా వచ్చిన సురేంద్రబాబు అయ్యగారు తెల్లకోటు కుట్టమని అతనికి గుడ్డ ఇచ్చారు. పాటల పుస్తకం పట్టేటట్టు లోపలి జేబు లోతుగా పెట్టమన్నారు. ఆ తర్వాత టైఫాయిడ్ వచ్చి సొంతూరు వెళ్ళిపోయారు. కోటు కొట్టులో వేలాడుతూనే ఉంది. ఒకరోజు టైలరు దాన్ని తొడుక్కుని చూసుకున్నాడు. అచ్చం తన ఒంటికి కుట్టినట్టే ఉంది. సీతారామపురంలో ఎవరికో బట్టలు ఇవ్వాల్సిన పనుండి ఆ కోటుతోనే బస్సెక్కాడు. బస్సు కిటకిటలాడుతోంది. మా పాలెం తిరుపాలు అతన్ని చూసి చటుక్కున లేచి, కూర్చోండి అయ్యగారూ అన్నాడు. టైలరు కూర్చున్నాడు.

అంతే. అక్కడి నుంచి అతను చెప్పిన అబద్ధాల కంటే మావాళ్ళు అతని తరఫున చెప్పుకున్నవే ఎక్కువ. పేరడిగితే ప్రసాద్ అన్నాడు, అది నిజమే. మా పాలేనికే వస్తున్నారా అంటే నవ్వాడు. తిరుపాలు సంచీ అందుకుని దించేశాడు. ఆ పూట కోడి కోశారు, కొత్త పరుపు వేశారు. మర్నాడు గుడిలో పాట ఎత్తుకుంటే, పుస్తకం చూడకుండా చివరి చరణం దాకా పాడాడట. ఎందుకు పాడడు? గోడ అవతల కూర్చుని మిషను తొక్కుతూ ఏళ్ళకేళ్ళు ప్రతి ఆదివారం విన్నవే. ప్రసంగాలు కూడా అక్కడివే, ముక్కలు ముక్కలుగా. వాక్యం వేడెక్కేకొద్దీ కుడిపాదం నేలమీద టకటకమని ఆడేదట. ఆత్మ కదిలిస్తా ఉండాది అని ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. ఆడుతున్నది మిషను కాలు అని ఎవరికి తోస్తుంది?

చెరువులో బాప్తిస్మాలు ఇచ్చిన ఘట్టం దగ్గర అత్త చింతపండు పక్కకు పెట్టేసి లేచి నిలబడేది. టైలరుకు ఈత రాదు, నీళ్ళంటే భయం. మొదట దిగింది తిరుపాలే. అయ్యగారు తిరుపాలును ముంచబోయి కాలుజారి తానే మునిగాడు. తిరుపాలు రెక్క పట్టుకుని లేపి, మళ్ళీ మర్యాదగా తలవంచి నిలబడ్డాడు. ఎవరు ఎవరికి బాప్తిస్మం ఇచ్చినట్టో దేవుడికే తెలియాలి. అత్త ఒక చేత్తో తిరుపాలునూ ఇంకో చేత్తో అయ్యగారినీ చూపిస్తుంటే ఆడవాళ్ళు నవ్వలేక కడుపు పట్టుకునేవాళ్ళు.

ఆ వానాకాలంలోనే అతను పెండ్లిళ్ళు కూడా చేశాడు. అత్త తాళికి ప్రార్థన చేసి మామ చేతికిచ్చింది అతనే. మా సంఘాల్లో పెండ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుడిలో పేర్లు చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పుకోవచ్చు. అతనికి ఆ సంగతి తెలియదు. పేర్లు చదవకుండానే ఒక్క పూటలో కానిచ్చేశాడు. కొత్త పద్ధతి అయ్యగారు, సాగదియ్యడు, అని పెద్దలు మెచ్చుకున్నారు.

ఒక్కటే వాళ్ళకు అనుమానం. కానుకల పళ్ళెం ముట్టుకునేవాడు కాదు. అయ్యగారై ఉండీ కానుక అడక్కపోతే ఏదో తేడా ఉండాదని ఇద్దరు ముగ్గురు గొణుక్కున్నారు గానీ, పైకి అనలేదు.

టైలరు దొరికిపోయింది ఆత్మకూరు బస్టాండులో. దీపాల నూనెకో దేనికో వచ్చారు, తిరుపాలు అయ్యగారి కోడిని బుట్టలో పెట్టుకుని వెనకే నడుస్తున్నాడు. జబ్బు తగ్గి తిరిగొచ్చిన సురేంద్రబాబు అయ్యగారు ఎదురయ్యారు. కోటును పైనుంచి కిందికి చూసి, అయ్యా తప్పుగా అనుకోకండి, మీ లోపలి జేబు ఒకసారి చూపిస్తారా అన్నారు. జేబు మోచేతి లోతు ఉంది. జనం మూగారు. ఇంత పని ఎందుకు చేశావని అందరూ అడుగుతుంటే టైలరు నెమ్మదిగా చెప్పిన మాట కోసమే మేమంతా కాచుకునేవాళ్ళం. అత్త గొంతు తగ్గించి అనేది:

"బస్సులో సీటిచ్చినారయ్యా. మళ్ళా లెయ్యమని ఎవురూ చెప్పలా."

తర్వాత కోటు విప్పి, కుట్టు కుట్టుకు కలిపి మడతపెట్టి, సురేంద్రబాబు అయ్యగారి చేతికిచ్చి, బనీనుతో నెల్లూరు బస్సెక్కి వెళ్ళిపోయాడట. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. బాప్తిస్మాలు, పెండ్లిళ్ళు అన్నీ కొత్తగా చేశారని అత్త ఒక్క ముక్కలో తేల్చేసేది. తిరుపాలు మాత్రం చలికి ఒప్పుకోలేదట, పోయినసారి నా వంతు కూడా అయ్యగారే మునిగినాడు, సరిపోదా అని. ఆ తర్వాత ఏమైంది అత్తా అని నేను అడిగితే, చింతపండు అయిపోయింది లెయ్యండి అనేది. కథ ఎప్పుడూ అక్కడే ఆగేది.

హాస్టలు పిల్లలు ఎన్ని తరాలవాళ్ళు విన్నారో ఈ కథ. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నవాళ్ళు, జ్వరమొచ్చి వంటింటి పక్క పడుకుని విన్నవాళ్ళు, పరీక్ష తప్పి ఏడుస్తూ విన్నవాళ్ళు. ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఉండేది అత్త చేతిలో, అది ఒకసారి టైలరు, ఒకసారి కోడి. ఇప్పుడు వాళ్ళల్లో నర్సులున్నారు, టీచర్లున్నారు. కనిపిస్తే నన్ను మొదట అడిగేది అత్త ఆరోగ్యం, రెండోది ఆ కథ. నాకు ఆ మధ్యాహ్నాలు కావాలనిపిస్తుంది. ఫోన్లో వచ్చే కథలకు నేపథ్య సంగీతం ఉంటుంది గానీ చింతగింజల చప్పుడు ఉండదు. టైలరు కొట్టు ఉండేదంటారే, ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒకసారి చూసి పోతాను.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఊరంతటినీ మోసం చేశాడు గదా, నీకు కోపం రాలేదా అని. "అయ్యగారు కావాల, అయ్యగారు కావాల అని ఏడ్చింది మేమే గదే. ఆయన కొలత చూసి కుట్టినట్టు వచ్చినాడు" అంది. మోసాన్ని గురించి అంత సూటిగా చెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

పోయినేడు మామ పోయాడు. పెట్టెలో పడుకోబెట్టే ముందు కొడుకు కొత్త షర్టు తెస్తే అత్త వద్దంది. ట్రంకు పెట్టె అడుగు నుంచి పసుపు రంగుకు తిరిగిన పాత తెల్లకోటు తీసింది. వేపాకు వాసన వేస్తోంది. అదే తొడగమంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఆ దుఃఖంలో ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కోటు తొడిగి, ఆమే బొత్తాలు పెట్టింది.

ఆ తర్వాత అత్త కథ చెప్పడం మానేసింది. నవ్వడం కూడా తగ్గించింది. ఆమెను కదిలించాలని మా అమ్మాయి సారా సెలవులకు వచ్చి బతిమాలి, బుజ్జగించి, దొంగ అయ్యగారి కథ చెప్పించి వీడియో తీసి నెట్లో పెట్టింది. జనం తెగ చూశారు. ఊరూ పేరూ లేనివాళ్ళు కూడా, మా అవ్వ గుర్తొచ్చింది అని రాశారు. సారా ఒక్కోటీ చదివి వినిపిస్తుంటే అత్త కళ్ళు మళ్ళీ మెరవడం మొదలుపెట్టాయి. చదివే ఊపులో సారా ఆగకుండా ఒకటి చదివేసింది. ఎవరో పిల్లవాడు, నవ్వు బొమ్మలు పెట్టి, "అయితే అవ్వా, నీ పెండ్లి కూడా డూప్లికేటేగా" అని రాశాడు.

అత్త లేచి లోపలికి పోయింది. ఆ రోజంతా మెడలో తాళిని పట్టుకునే ఉంది. మావాళ్ళలో భర్త పోతే తాళి తియ్యాలన్న పట్టింపు కొందరికి ఉంది, కొందరికి లేదు. అత్త తియ్యలేదు. సారా ఆ మాటను చెరిపేసింది గానీ, చెరిపేస్తే పోయే మాట కాదు అది. యాభై ఏళ్ళ కాపురం చేసి, మనిషిని మట్టికిచ్చి వచ్చాక వినాల్సిన మాట కాదు.

మామ పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెట్టాము. ఇంటిముందు షామియానా వేశారు. పాలెం నుంచి జనం వచ్చారు, హాస్టల్లో చదివిన పిల్లలు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ప్రార్థన అయ్యాక ఎవరైనా సాక్ష్యం చెప్పొచ్చు, అది మా ఆనవాయితీ. మామ గురించి చెప్పడానికి ఎవరికీ ఎక్కువ దొరకలేదు. మంచోడు, నెమ్మదస్తుడు అని కూర్చున్నారు. అప్పుడు తిరుపాలు, ముసలివాడైపోయాడు, కర్ర ఊతం మీద ముందుకు వంగి, రాహేలూ, ఊరికే ఏడిస్తే ప్రేమానందం వస్తాడా, మన అయ్యగారి కథ చెప్పు, చెరువులో మునిగింది చెప్పు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడా అది అడగడం? ఆపబోయాను. అత్త అప్పటికే లేచి నిలబడింది.

చెప్పింది. బస్సు, సీటు, టకటకలాడిన పాదం, చెరువు, కోడి, జేబు. జనం ముందు మొహమాటంగా, తర్వాత మనసారా నవ్వారు. బనీనుతో టైలరు బస్సెక్కేశాడు. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. అత్త కూర్చోలేదు.

"సారా, ఆ ఫోన్లో వీడియో పెట్టమ్మా" అంది. "మొన్న రాసిన పిలగాడు కూడా వినాల. ఈ కథ బస్టాండులో అయిపోలా."

సురేంద్రబాబు అయ్యగారు పాలేనికి వచ్చి, టైలరు చేసినవేవీ చెల్లవని తేల్చారట. పెండ్లిళ్ళకు ఈసారి మూడు ఆదివారాలూ పేర్లు చదవాలి, అందాకా ఆడపిల్లలు పుట్టింట్లోనే ఉండాలన్నారు. మిగతా జంటలకు అది పరాచికమే, రెండోసారి పెండ్లి భోజనం దొరుకుతుందని. అత్తకు కాదు. ఆమె అత్తగారు రెబెకమ్మకు కొండాపురంలో తమ్ముడి కూతుర్ని కొడుక్కి చేసుకోవాలని మొదటి నుంచీ కోరిక. దొంగ అయ్యగారి సంగతి తెలిసిన రోజునే, దేవుడే దారి చూపించినాడు అంది. తాళి తీసి ఇచ్చి పొమ్మంది. అత్త తాళి తీసింది గానీ ఇవ్వలేదు. కొంగున ముడివేసుకుని, వీధి ఆ చివరి నుంచి ఈ చివరకు, పుట్టింటికి నడిచి వచ్చింది. మామ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

మొదటి ఆదివారం పేర్లు చదివారు. మామ మగవాళ్ళ వైపు కూర్చుని చాపలోకి చూస్తున్నాడు. రెండో ఆదివారం కూడా అంతే. ఆ సాయంత్రమే తల్లీ కొడుకూ కొండాపురం బస్సెక్కారని కబురొచ్చింది. అత్త కొంగు ముడి విప్పి చూసుకుని మళ్ళీ వేసుకుందట. దొంగ అయ్యగారి మీద కాదు, ఆ మాట్లాడని మనిషి మీద కోపమొచ్చిందని చెప్పింది. ఆయన్ని నమ్మి మోసపోయానేమోనని భయమేసిందని కూడా చెప్పింది.

మూడో ఆదివారం పేర్లు చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అన్నారు అయ్యగారు. రెబెకమ్మ లేచింది. నా కొడుక్కి ఈ సంబంధం ఇష్టం లేదు, వేరే చూసినాము అంది. నీ మాటేంది అబ్బయా అని అయ్యగారు మామను అడిగారు.

"మీ మామ లేచినాడు" అంది అత్త, నా వైపు చూసి. "లేచినోడు ఎంతసేపటికీ నోరు తెరవలా. మీటింగుల్లో మాట్లాడి ఎరగని మనిషి గదా. నేను కొంగు పట్టుకొని కూర్చున్నాను. అప్పుడన్నాడు. 'అయ్యగారు దొంగోడే. నేను దొంగ పెండ్లికొడుకును కాదు. ఆ పొద్దు మాటిచ్చింది నా నోటితో నేనే' అన్నాడు. అని కూర్చున్నాడు."

షామియానా కింద తిరుపాలు కర్ర మీద గడ్డం ఆనించుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. కథ మొదలుకాగానే మామ తువ్వాలు వేసుకుని వెళ్ళిపోవడం గుర్తొచ్చింది. విసుగు కాదు అది, ఎక్కడ చివరిదాకా చెప్తుందోనని సిగ్గు.

మిగిలింది అత్త మామూలు గొంతుతోనే చెప్పింది. పెండ్లినాడు పెండ్లికొడుక్కి కోటు లేదు. సురేంద్రబాబు అయ్యగారు సంచీలోంచి ఆ తెల్లకోటే తీశారు. దొంగ వేసింది నేనెట్టా వేసుకునేది, నీకు సరిపోతే తీసుకో అన్నారు. మామ వేసుకున్నాడు. ఒక్క కుట్టు తేడా లేదు.

"అయ్యగారు దొంగ గానీ, టైలరు మటుకు నిజం టైలరే" అంది అత్త. జనం కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ వీడియో మా దగ్గర ఉంది. సారా ఎప్పుడు ఏడుపు మొదలుపెట్టిందో, చెయ్యి ఎప్పుడు జారిందో, సగం నుంచి షామియానాలో తిరుగుతున్న ఫ్యాను తప్ప ఏమీ కనిపించదు. ఇది కూడా నెట్లో పెట్టమని అత్త పట్టు, అట్లాగే పెట్టాము. నేను శనివారం బస్సులో మోసగాళ్ళను పక్కన పెట్టి దాన్నే వింటున్నాను. మామ మాట వస్తుంది. తర్వాత కాసేపు ఫ్యాను చప్పుడు. చివర్లో అత్త గొంతు, చింతపండు నాటి గొంతే.

"ఇంక లెయ్యండి. అన్నాలు చల్లారిపోతా ఉండాయి."